ఇరుకు రోడ్డు మీద కారూ కారూ రాసుకుంటే తప్పు తేల్చుకోవాలా, లెక్క తేల్చుకోవాలా?

సంక్రాంతికి కోనసీమ వెళ్లినప్పుడు కాలవ గట్టు రోడ్డు మీద మా కారు కుడి అద్దం పోయింది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోట దడి. మధ్యలో కారున్నర పట్టే తారు రోడ్డు. ఎదురుగా ఇంకో కారు. ముందు బంపర్ల మూలలు రాసుకున్నాయి, ఆ వెంటనే అద్దాలు రెండూ టప్‌మన్నాయి.

"నేను ఆగే ఉన్నానండీ, మీరే వచ్చి గీశారు" అన్నాను.

"మీరెక్కడ ఆగారండీ, చూస్తూనే ఉన్నాను కదా" అన్నాడాయన.

నా పక్క సీట్లోంచి మా ఆవిడ నెమ్మదిగా, "ఆగలేదు, ఆగబోతున్నారు" అంది. అదృష్టం, ఆయనకు వినపడలేదు.

రెండు నిమిషాల్లో పదిమంది చేరారు. పాలక్యాన్ల బండి మీద వచ్చిన ఒక పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న "ఎవరిది తప్పు?" కాదు, "ఏ ఊరండీ మీది?" నంబరు ప్లేటు చూశాక ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు. రోడ్డు మీద పంచాయితీ ఇలాగే నడుస్తుంది. పైఊరి బండిదే తప్పు, లేదంటే పెద్ద బండిదే తప్పు. చట్టంలో ఈ రెండూ ఎక్కడా లేవు.

మరి అప్పుడు మన ముందుండే దారులు నాలుగు. తప్పు ఎవరిదో అక్కడే తేల్చి డబ్బు పుచ్చుకోవడం లేదా ఇవ్వడం, ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెట్టడం, పోలీసుల దగ్గరికి వెళ్లడం, ఎవరి రిపేరు వాళ్లు చేయించుకోవడం. ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం ముందు వైద్యం అందేలా చూడాలి, అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలి. ఇక్కడ మాట్లాడుకునేది రేకుకీ ప్లాస్టిక్కుకీ తగిలిన దెబ్బల గురించే.

ముందు తప్పు సంగతి. కొన్నిసార్లు అది తేలిగ్గానే తేలుతుంది. రివర్స్ చేస్తూ తగిలిస్తే రివర్స్ చేసినవాళ్లదే. వెనక ఎవరూ లేరని చూసుకోవాల్సిన బాధ్యత వాళ్లది. పక్కకు తీసి ఆపిన కారును గీస్తే గీసినవాళ్లదే. చూడకుండా తలుపు తీస్తే తీసినవాళ్లది. సందులోంచి ఆగకుండా మెయిన్ రోడ్డెక్కితే సందులోంచి వచ్చినవాళ్లది. ఏటవాలు రోడ్డయితే ఇంకో నియమం ఉంది. ఇరుకైన చోట దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. ఘాట్ రోడ్డు డ్రైవర్లకు ఇది కంఠతా వచ్చు, మైదానంలో మనకు చాలామందికి తెలియదు.

చిక్కంతా చదునుగా ఉన్న ఇరుకు రోడ్డు మీద, రెండు బండ్లూ కదులుతున్నప్పుడు. దగ్గర్లో వెడల్పు ఎవరి వెనక ఉంటే వాళ్లు వెనక్కి తీయాలన్నది ఊళ్లలో మర్యాద. కానీ మర్యాద తప్పితే తప్పు ఎవరిదో గీత చూసి చెప్పలేం. చాలామంది బంపర్ మీద గీతకు వేలు ఆనించి "ఇదిగో, ముందు నుంచి వెనక్కి పోయింది, అంటే మీరే వచ్చి గుద్దారు" అంటారు. నేను కూడా ఆ రోజు అదే అన్నాను. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. రెండు కార్లు ఎదురెదురుగా పోతున్నప్పుడు ఒకటి ఆగి ఉన్నా, రెండూ కదులుతున్నా గీత ఒకేలా పడుతుంది, అద్దం ఒకేలా వెనక్కి ముడుచుకుంటుంది. ఒకదానితో పోలిస్తే ఇంకోటి కదిలిందనే గీత చెబుతుంది. ఆగి ఉన్నదెవరో చెప్పదు.

చెప్పగలిగేది చక్రం. ఎడమ టైర్లు తారు దిగి మార్జిన్‌లోకి వెళ్లాయా లేదా, తన ఎడమ పక్క ఎవరికి ఎంత జాగా మిగిలింది అన్నదే అసలు సాక్ష్యం. మా కారు ఎడమ ముందు టైరుకు తడి మట్టి అంటుకుని ఉంది, దడి ముళ్లు తలుపుకు ఆనుకుని ఉన్నాయి. ఆయన కారుకు ఎడమవైపు జానెడున్నర తారు ఇంకా మిగిలే ఉంది, దాని పక్కన గట్టు. కానీ ఆ గట్టు దిగితే కాలవే. ఆయన ఇంకా పక్కకు ఎందుకు పోలేదో నాకు అర్థమైంది. ఇలాంటి కేసు ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ దాకా వెళ్లినా, ఇద్దరి నిర్లక్ష్యమూ ఉందని సగం సగమో, అరవై నలభయ్యో అనే అవకాశమే ఎక్కువ. అందుకే బండ్లు కదపకముందే నాలుగు ఫోటోలు తీయాలి. వాటిలో రెండు టైర్లవీ రోడ్డు అంచులవీ అయి ఉండాలి. అందరూ సొట్టను దగ్గరగా తీస్తారు, తప్పు తేల్చడానికి అది పనికిరాదు. డాష్‌క్యామ్ ఉంటే సరే సరి.

ఇక లెక్క. ఇన్సూరెన్స్ ఉంది కదా అని నూటికి తొంభై మంది ముందు అటే చూస్తారు. కాగితం మీద పెడితే బొమ్మ వేరుగా కనిపిస్తుంది.

క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే నో క్లెయిమ్ బోనస్. అది ఏడాదికేడాది వరుసగా 20, 25, 35, 45, 50 శాతం. ఓన్ డ్యామేజ్‌లో (మన కారు రిపేరుకు డబ్బిచ్చే భాగంలో) ఒక్క క్లెయిమ్ పెడితే మళ్లీ సున్నా. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ లేకుండా 8,000 అనుకుందాం. 50 శాతం బోనస్‌తో 4,000 కడుతున్నారు. క్లెయిమ్ పెట్టాక వచ్చే ఏడు 8,000, ఆ పై ఏడు 6,400, తర్వాత 6,000, 5,200, 4,400. ఆరో ఏటికి గానీ మళ్లీ 4,000కు రారు. అదనంగా కట్టింది కలిపితే సరిగ్గా 10,000. కారు విలువ ఏటేటా తగ్గుతుంది కాబట్టి నిజంగా ఇంకాస్త తక్కువే అవుతుంది, కానీ తేడా ఏ పాటిదో తెలుస్తుంది.

ఇప్పుడు వచ్చేది చూడండి. బంపర్ 4,000, పెయింటూ లేబరూ 3,000, మొత్తం 7,000 బిల్లు అనుకుంటే, మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు, పెయింటు సరుకు మీద కూడా కొంత కోస్తారు. 1500 సీసీ లోపు కారుకు 1,000, అంతకు మించితే 2,000 తప్పనిసరిగా మన జేబు నుంచి. చేతికి వచ్చేది 4,000 లోపే. నాలుగు వేల కోసం పది వేలు. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చేదాకా షెడ్డులో కారు ఆగడం అదనం.

అలాగని క్లెయిమ్ ఎప్పుడూ వద్దనను. హెడ్‌లైటు పగిలి, ఫెండర్ నొక్కుకుపోయి, బిల్లు ముప్పై నలభై వేలకు చేరితే మొహమాటపడక్కర్లేదు. తరుగు కోయని బంపర్ టు బంపర్ పాలసీ ఉన్నా, బోనస్‌కు రక్షణ ఇచ్చే యాడ్ ఆన్ తీసుకున్నా, ఈ ఏడాది ఇప్పటికే ఒక క్లెయిమ్ అయిపోయి బోనస్ పోయినా లెక్క మారిపోతుంది. పాలసీ కాపీ ఫోన్‌లో ఉంటే అక్కడే చూసుకోవచ్చు.

రోడ్డు మీద నగదు ఒప్పందం తప్పు స్పష్టంగా తేలినప్పుడు మంచిదే. రివర్స్‌లో వచ్చి గుద్దినవాడు వెయ్యో రెండు వేలో ఇస్తానంటే కాదనక్కర్లేదు. కానీ పైకి కనిపించే గీత వెనక క్లిప్పులు విరిగి ఉండొచ్చు, సెన్సర్ పోయి ఉండొచ్చు. మన మెకానిక్‌కు వీడియో కాల్ చేసి చూపించి రేటు అడగడం పదిమంది అంచనా కన్నా నయం. డబ్బు ఫోన్‌పేలోనే పుచ్చుకుని, రెండు బండ్ల నంబర్లూ తేదీ వేసి "ఈ విషయం ఇంతటితో అయిపోయింది" అని ఒక చీటీ రాసుకోవాలి.

ఇచ్చే పక్షంలో ఉంటే మాత్రం "తప్పు నాదే" అని కాగితం మీద సంతకం పెట్టకండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తాననడం కూడదని మన పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఆ తర్వాత అవతలివాళ్లు పెద్ద మొత్తానికి కేసు వేస్తే, మన తరఫున నిలబడాల్సిన కంపెనీ ఆ కాగితాన్ని మనకే చూపిస్తుంది.

పోలీసుల దారి చిన్న గీతకు మోయలేని బరువు. థర్డ్ పార్టీ కింద, అంటే ఇతరులకు జరిగిన నష్టానికి ఇచ్చే భాగం కింద, అవతలి కారు ఇన్సూరెన్స్ నుంచి మన రిపేరు డబ్బు రాబట్టుకునే హక్కు ఉంది, ప్రైవేటు కారు పాలసీలో ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా కవరేజీ ఉంటుంది. కానీ దానికి కంప్లైంటు, ట్రిబ్యునల్లో అర్జీ, వకీలు కావాలి. ఆరు నెలల గడువు కూడా ఉంది. అద్దం కోసం ఆ మెట్లెక్కేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. అవతలివాడు తాగి ఉన్నా, బెదిరించినా, గుద్ది వెళ్లిపోయినా మాత్రం 112కు ఫోన్ చేయడమే.

మా సంగతికొస్తే, ఎవరి రిపేరు వాళ్లదే అన్నాను. ఆయన ఒక్క క్షణం టైర్ల వంక చూసి సరేనన్నాడు. పాల పెద్దాయనకే నచ్చలేదు, "అదేంటండీ, ఎవరో ఒకరు ఇవ్వాలి కదా" అని గొణుక్కుంటూ క్యాన్లు సర్దుకున్నాడు. ఆయన బండికి దారివ్వడానికి మళ్లీ మేమే వెనక్కి తీయాల్సొచ్చింది. రావులపాలెంలో అద్దం గ్లాసు వేయించాను, బంపర్ మీద గీత అలాగే ఉంది. కారెక్కినప్పుడల్లా మా ఆవిడ దాని వంక చూసి "ఆగబోతున్నారు" అంటుంది.