‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’తో మూడేళ్ళు: ఒక శ్రోత సమీక్ష

విశాఖపట్నంలో రొయ్యల ఎగుమతి వ్యాపారం చేసే కార్యాలయంలో పనిచేస్తున్న నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇంగ్లీషులో ఉత్తరం రాయడానికి ఎన్నడూ తడుముకోలేదు గాని, రాసి చూపిస్తే క్షణంలో బోధపడే వాక్యమే విదేశీ కొనుగోలుదారు నోట ఫోన్‌లో వినిపించినప్పుడు నా చెవికి అందేది కాదు. నలభై అయిదు రోజుల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరాను. అక్కడ కాలాల పట్టికలు వల్లె వేయించారు, ఒక్క సంభాషణ కూడా వినిపించలేదు. ఆ తరువాత, 1943 నుంచి ఇంగ్లీషు పాఠాలు ప్రసారం చేస్తున్న బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’ వినడం మొదలుపెట్టి మూడేళ్ళు దాటింది.

ఇది ఉచితంగా దొరికే శ్రవ్య కార్యక్రమం. ఇద్దరు వ్యాఖ్యాతలు ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటూ ఆరంభంలో ఒక ప్రశ్న వేసి, జవాబును చివరి వరకు దాచి ఉంచుతారు. మధ్యలో ఆరు మాటలో పదబంధాలో వివరిస్తారు. వారు మాట్లాడిన మాటల రాతరూపం, అంటే పాఠం, వెబ్‌సైట్‌లో ఉంటుంది.

నేను వారానికి ఒక్క భాగమే తీసుకుంటాను. మొదట పాఠం చూడకుండా వింటాను. రెండోసారి పాఠం ఎదురుగా పెట్టుకుని, నాకు వినపడకుండా పోయిన మాటల కింద గీతలు గీస్తాను. ఆ పైన వారమంతా వ్యాఖ్యాత గొంతు వెనుకే, ఒక్క మాట ఎడంతో, బిగ్గరగా పలుకుతూ నడుస్తాను. గీతలు గీసిన మాటలను పరిశీలిస్తే, అవి దాదాపు అన్నీ నాకు బాగా తెలిసిన చిన్న మాటలే కావడం నన్ను ఆశ్చర్యపరిచింది. తెలుగు అజంత భాష కనుక మనం బస్సు, కారు, లైటు అంటూ చివర అచ్చు చేర్చుకుని ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలుకుతాం; ఇంగ్లీషువారు వాక్యంలో ఒకటి రెండు మాటల మీద ఊనిక వేసి తక్కినవాటిని మింగేస్తారు. ‘షుడ్ హావ్ సెంట్ ఇట్’ అని నేను ఎదురుచూస్తున్న చోట ‘షుడవ్ సెంటిట్’ అని వినిపించేది. ఇది చెవికి పట్టుబడడానికి నాకు దాదాపు ఎనిమిది నెలలు పట్టింది.

ఉచ్చారణ కంటె విలువైనది నాకు మరొకటి దొరికింది. మన మర్యాద క్రియలోనే ఇమిడి ఉంటుంది. ‘కాగితాలు పంపండి’ అన్నప్పుడు ఆ ‘అండి’ చాలు. దాన్నే ‘సెండ్ ద డాక్యుమెంట్స్’ అని మారిస్తే ‘అండి’ రాలిపోయి ఆజ్ఞ మిగులుతుంది, ‘ప్లీజ్’ తగిలించినా ఆ బిరుసు పూర్తిగా పోదు. ఇంగ్లీషువారు ‘కుడ్ యు సెండ్’ అని ప్రశ్నగా అడుగుతారు. ‘వుడ్ యు మైండ్’ (మీకేమైనా అభ్యంతరమా) అని అడిగితే ‘నాట్ ఎట్ ఆల్’ అన్నదే అంగీకారం. అంతకంటె నన్ను ఇబ్బంది పెట్టింది ‘యెస్’. ‘కంటైనర్ ఇంకా బయలుదేరలేదా?’ అంటే మనం ‘అవునండి, బయలుదేరలేదు’ అంటాం. అదే అలవాటుతో ఒకసారి ఫోన్‌లో ‘యెస్’ అని ఆగిపోయాను. సరుకు బయలుదేరిందనుకున్న కొనుగోలుదారుకు మరునాడు మూడు ఈమెయిళ్ళతో సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అలాంటి ప్రశ్నలకు ‘నో, ఇట్ హాజ్‌న్ట్’ అని జవాబివ్వడం ఈ సంభాషణలను పదేపదే వినడం వల్లే నాకు అలవడింది. ‘భోంచేశారా?’ అని పలకరించే మన ఆప్యాయతను మాటకు మాటగా ఇంగ్లీషులోకి తెస్తే భోజనానికి పిలుస్తున్నామని అవతలివారు అనుకోవచ్చని కూడా ఈ కాలంలోనే గ్రహించాను.

పూర్తిగా కొత్తవారికి ఈ వేగం కష్టమే. అలాంటివారు 1959లో ‘స్పెషల్ ఇంగ్లీష్’ పేరుతో మొదలై, సుమారు 1,500 మాటల పరిధిలో నెమ్మదిగా చదివి వినిపించిన వాయిస్ ఆఫ్ అమెరికా పాఠాల వంటివాటితో ఆరంభించడం మేలు. నా కొనుగోలుదారులలో ఎక్కువమంది అమెరికావారు కాబట్టి, ‘వాటర్’ను ‘వాడర్’గా పలికే వారి యాసకు నేను విడిగా చెవి అలవాటు చేసుకోవలసి వచ్చింది.

ఎంత విన్నా, ఎదురు మాట అప్పటికప్పుడు పుట్టదు. అందుకని రెండో ఏడు నుంచి ఒక సహోద్యోగి, నేను సాయంత్రం పది నిమిషాలు ఆ వారపు విషయం మీద ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటున్నాం. ఆ పది నిమిషాలు లేకపోతే ఈ కార్యక్రమానికి నేను సగం మార్కులే వేసి ఉండేవాడిని. ముగ్గురు నలుగురు ఒకేసారి మాట్లాడే కాన్ఫరెన్స్ కాల్‌లో ఇప్పటికీ వెనుకబడుతున్నాను. అయితే ఇప్పుడు మౌనంగా ఉండిపోకుండా, ‘సారీ, కుడ్ యు సే దట్ అగెయిన్?’ అని వెంటనే అడగగలుగుతున్నాను.