క్యాలరీల లెక్క: తిన్నది రాయాలా, కరిగింది చూడాలా, కాటాను నమ్మాలా?

బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఇప్పుడు మూడు దారులున్నాయి. తిన్న ప్రతిదీ ఫోన్‌లో యాప్ తెరిచి రాసుకోవడం ఒకటి. చేతికున్న స్మార్ట్‌వాచీ ఎన్ని క్యాలరీలు కరిగాయంటే అన్నీ నమ్మి నడవడం రెండోది. ఈ రెండూ పక్కనపెట్టి, కంచంలో పాళ్లు మార్చుకుని, బరువు చూసుకుంటూ పోవడం మూడోది. చాలామంది మొదటి రెండింటినీ జతచేస్తారు. తిన్నది 1,800, వాచీ చూపించింది 400, పోతే మిగిలింది 1,400, కాబట్టి రాత్రికి ఇంకో రెండు చపాతీలకు చోటుంది అనుకుంటారు. చూడ్డానికి ఎంతో పద్ధతిగా కనిపించే ఈ తీసివేతే, నన్నడిగితే, అన్నిటికంటే చెడ్డది.

తిన్నది రాసుకుంటే

ఆహారంలో శక్తిని లెక్కగట్టే పద్ధతి పాతదే. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 క్యాలరీలు, కొవ్వు గ్రాముకు 9 అని 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ తేల్చిన అంకెలనే నేటి యాప్‌లన్నీ వాడుకుంటున్నాయి. మన తిండికి సంబంధించిన పట్టికలకూ కొరతేమీ లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల వివరాలతో పెద్ద పట్టికే వేసింది. చిక్కు వాటి దగ్గర లేదు, మన వంటింట్లో ఉంది.

బియ్యం సంగతే చూడండి. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 క్యాలరీలుంటాయి. అదే వంద గ్రాముల అన్నంలో 130 దాకా ఉంటాయి, మిగతాది నీళ్ల బరువు. యాప్‌లో 'రైస్' అని కొడితే రెండూ ఒకేచోట కనిపిస్తాయి. పొరపాటున ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కామా, లెక్క రెండున్నర రెట్లు అటో ఇటో పోతుంది. ఇక 'ఒక కప్పు' అంటే ఎవరింటి కప్పు?

నూనె మరీ మాయదారిది. నలుగురికి అరకిలో బెండకాయలు వేపుడు చేశారనుకుందాం. బెండకాయలకు వంద గ్రాములకు ముప్ఫైకి అటూ ఇటూ క్యాలరీలు, అంటే మొత్తం 150. అందులో పోసిన నూనె మూడు పెద్ద చెంచాలైతే, చెంచాకు 120 చొప్పున 360. మూకుడులో ఉన్న శక్తిలో మూడింట రెండొంతులకు పైగా నూనెదే, పేరు మాత్రం బెండకాయది. వేపుడు తిన్నవాళ్లు యాప్‌లో ఏ పేరు నొక్కినా ఆ మూడు చెంచాలు అందులో ఉన్నాయో లేదో తెలియదు. వండినవాళ్లకు తెలుసు, వాళ్లు కూడా డబ్బా వంచి పోస్తే వాళ్లకూ తెలియదు. ఆవకాయ మీద తేలిన నూనె, కారప్పొడిలోకి వేసుకున్న నెయ్యి, పచ్చడి మీది తాలింపు ఎవరూ రాయరు. చెంచాడేగా అనిపిస్తుంది.

మనుషులు తక్కువ రాస్తారన్నది నా అనుమానం కాదు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదని చెప్పిన కొద్దిమందిని అమెరికాలో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. వాళ్ల జీవక్రియలో ఏ లోపమూ కనిపించలేదు. వాళ్లు అబద్ధాలాడారని కూడా కాదు. అందరం ఆ లెక్క అలాగే తప్పుతాం.

అయినా రాసుకోవడాన్ని నేను కొట్టిపారేయను. అంకె తప్పైనా, రాయాల్సి వస్తుందన్న ఎరుక పనిచేస్తుంది. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార అంటే నలభై గ్రాములు, 160 క్యాలరీలు, పాలు కాకుండా. టీవీ ముందు పెట్టుకున్న మిక్చర్ వంద గ్రాములు లాగిస్తే 500 దాటుతుంది. ఇవి భోజనం కింద లెక్కలోకి రానివి, రాస్తేనే కళ్లకు కనిపిస్తాయి.

మన ఇళ్లలో రాసే తీరు మాత్రం మారాలి. కంచం నుంచి కాకుండా గిన్నె నుంచి లెక్క కట్టాలి. వండేముందు బియ్యం, పప్పు, నూనె కాటా మీద పెట్టి తూచి, మొత్తాన్ని తినేవాళ్ల మీద పంచుకుంటే కంచంలోది ఊహించేదానికంటే చాలా దగ్గరగా వస్తుంది. వంటింటి డిజిటల్ కాటా కొన్ని వందల రూపాయలకే వస్తుంది. ఇలా రెండు మూడు వారాలు చేస్తే మన గరిటెకు ఎంత, మన గిన్నెకు ఎంత అన్నది కంటికి అలవాటవుతుంది. ఆపైన కూడా ఏళ్ల తరబడి ప్రతి ముద్దా రాయడం నాకు అనవసరమనిపిస్తుంది. బయటి దేశాల్లో ఉన్నవాళ్లకు ప్యాకెట్ మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే పని అయిపోతుంది, అక్కడ యాప్ నిజంగానే సుఖం. కాకపోతే అమెరికాలో లేబుల్ మీది క్యాలరీలకంటే లోపల ఇరవై శాతం వరకూ ఎక్కువున్నా నిబంధనలు ఒప్పుకుంటాయి.

వాచీ చెప్పే ఖర్చు

వాచీ క్యాలరీలను కొలవదు. గుండె వేగం, చేతి కదలిక, మనం ఇచ్చిన వయసు, బరువు, ఎత్తు తీసుకుని అంచనా కడుతుంది. గుండె వేగం శ్రమకే పెరగదు. మే నెలలో విజయవాడ ఉక్కపోతకు పెరుగుతుంది, కాఫీకి పెరుగుతుంది, ఆఫీసు నుంచి ఫోనొస్తే పెరుగుతుంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఏడు రకాల పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో ఆరు బాగానే పట్టుకున్నాయి. క్యాలరీల దగ్గర మాత్రం అన్నిట్లోకీ మేలైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. ఆ తర్వాత పరికరాలు మారాయి గానీ, మణికట్టు దగ్గర కూర్చుని ఒళ్లంతటి ఖర్చునూ ఊహించాల్సిన ఇబ్బంది మారలేదు.

అంకె సరిగ్గా ఉన్నా ఇంకో తిరకాసుంది. డెబ్భై కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున గంటసేపు నడిస్తే దాదాపు 245 క్యాలరీలు ఖర్చవుతాయి. ఆ గంటా సోఫాలో కూర్చున్నా 70 ఎలాగూ అయ్యేవి. కాబట్టి నడక వల్ల అదనంగా వచ్చింది 175. మొత్తం ఖర్చుగా చూపించిన 245ను భోజనంలోంచి తీసేస్తే ఆ 70ని రెండుసార్లు లెక్కేసినట్టు, ఎందుకంటే రోజుకు ఇంత తినొచ్చు అని యాప్ ఇచ్చిన కోటాలో అది ముందే కలిసి ఉంటుంది. పార్కులో గంటసేపు చెమటోడ్చి సంపాదించిన ఆ 175, ఒకటిన్నర పెద్ద చెంచాల నూనెకు సమానం. బెండకాయ వేపుడులో సగం నూనె.

2016లో అమెరికాలో వచ్చిన ఒక ప్రయోగం వాచీల అభిమానులకు మింగుడుపడనిది. 471 మంది యువతీయువకులు అందరూ ఒకే రకమైన ఆహార నియమాలతో మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాత సగం మందికి చేతికి తొడుక్కునే పరికరం ఇచ్చారు. రెండేళ్లయ్యాక చూస్తే పరికరం ఉన్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గారు, లేనివాళ్లు 5.9 కిలోలు. కారణం ఆ ప్రయోగంలో తేలలేదు. నా ఊహ చెప్పమంటే, నడిచాను కదా అన్న ధీమా కంచంలోకి వచ్చి కూర్చుంటుంది.

ఒంటికి కూడా తన లెక్క తనకుంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జాతి వాళ్లు మనకంటే ఎంతో ఎక్కువ నడుస్తారు. హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ప్రచురించిన కొలతల్లో, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక వాళ్ల రోజువారీ మొత్తం ఖర్చు నగరాల్లో కూర్చుని పనిచేసేవాళ్ల ఖర్చుకు ఇంచుమించు సమానంగానే ఉంది. నడక పెంచితే శరీరం ఇంకోచోట పొదుపు చేస్తుందని ఆయన వాదన. ఎంత పొదుపు చేస్తుందన్నది ఇంకా చర్చల్లోనే ఉంది.

ఇదంతా చదివి నడక మానేస్తే నా మీద ఉసురు పడుతుంది. షుగర్‌కు, బీపీకి, నిద్రకు, తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఉండటానికి నడకను మించింది లేదు. వాచీని అడుగుల కోసం వాడుకోండి, పోయిన వారం కంటే ఈ వారం ఎక్కువ నడిచామా లేదా అన్నది అది బాగానే చెబుతుంది. క్యాలరీల తెరను మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి దాచేయడం మంచిది.

కంచం, కాటా

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో తృణధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదని ఉంది. మనదేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోందని కూడా అందులోనే ఉంది. 2,000 క్యాలరీల కంచానికి ఆ సంస్థ చెప్పిన ధాన్యం రోజుకు 250 గ్రాములు, వండకముందు బరువు. ఇడ్లీలోని బియ్యం, ఉప్మాలోని రవ్వ, రాత్రి చపాతీ పిండి, మధ్యాహ్నం అన్నం అన్నీ ఇందులోనే సర్దుకోవాలి.

మన భోజనం తీరు ఇక్కడ మనకే ఎదురు తిరుగుతుంది. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి అన్నం, చివర పెరుగులోకి అన్నం. ప్రతి మారూ కొంచెమే పెట్టుకున్నట్టుంటుంది, మొత్తం అన్నం ఒకేసారి కంటికి ఆనదు. తినబోయే అన్నమంతా ముందే ఒక గిన్నెలోకి తీసి పెట్టుకుని, అందులోంచే నాలుగు వాయిలూ నడిపించడం కంటే సులువైన కొలత నాకు తోచలేదు. కూర రెట్టింపు, పప్పు చిక్కగా, అన్నం ఆ గిన్నె వరకే. యాప్ అక్కర్లేదు, ఇంట్లో అమ్మతోనో అత్తగారితోనో గ్రాముల గురించి వాదనా అక్కర్లేదు.

ఇది పనిచేస్తోందా లేదా అన్నది బరువు చెప్పాలి. కానీ ఒక్కరోజు బరువు నమ్మదగినది కాదు. ఊరగాయ ఎక్కువ తిన్న మర్నాడు ఉప్పు నీటిని పట్టి ఉంచి కిలో పెరిగినట్టు చూపిస్తుంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు ఇంకా ఎక్కువే మారొచ్చు. పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు చూసుకుని, ఏడు రోజుల సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు. రోజుకు 500 తగ్గిస్తే మొదట్లో వారానికి అరకిలో లెక్కకొస్తుంది. మొదటి వారం అంతకంటే ఎక్కువ తగ్గితే సంబరపడొద్దు, అందులో నీరెక్కువ. నెలలు గడిచేకొద్దీ ఒళ్లు తగ్గి ఖర్చూ తగ్గుతుంది కాబట్టి వేగం నెమ్మదిస్తుంది. టేపుతో నడుము కూడా చూసుకోవాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, బరువు ఎంతున్నా, జాగ్రత్తపడాల్సిందే.

ఈ దారికున్న లోటల్లా ఒకటే. ఏం జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. మూడు వారాలైనా సగటు కదలకపోతే తప్పు నూనెదా, అన్నానిదా, సాయంత్రం బజ్జీలదా తెలియదు. అప్పుడు యాప్ తెరిచి, గిన్నె లెక్కతో పది రోజులు రాయాలి. నా వరుస ఇదే: రోజూ కంచం, తీర్పుకు కాటా, అనుమానం వచ్చినప్పుడు యాప్. వాచీకి అడుగుల లెక్క తప్ప ఇంకే పనీ ఇవ్వను.

హాస్టల్లో, మెస్‌లో తినేవాళ్లకు గిన్నె లెక్క కుదరదు, వాళ్లకు కంచమే గతి. ఒంటరిగా వండుకునే కుర్రాళ్లకు యాప్ చక్కగా సరిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయే ప్రమాదముంది. గర్భిణులకు ఈ లెక్కలేవీ వద్దు. అంకె కాస్త దాటినందుకే రాత్రి నిద్ర పట్టనివాళ్లు కూడా యాప్ తీసేయడమే మేలు.

నలుగురున్న ఇంట్లో ఎవరూ ఏదీ రాయడానికి ఒప్పుకోకపోతే నూనె ప్యాకెట్లనైనా లెక్కపెట్టండి. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీ దానిమీద రాస్తే చాలు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. నెలకు నాలుగు లీటర్లయితే మనిషికి రోజుకు 30 గ్రాములు, 270 క్యాలరీలు. పైన చెప్పిన 2,000 క్యాలరీల కంచానికి సంస్థ పెట్టిన హద్దు 27 గ్రాములు, అంటే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. నెయ్యి, వెన్న కూడా అందులోనే. హోటల్లో తిన్నది దీనికి అదనం.