తెలియని ఆట్రిబ్యూట్లను రానివ్వాలంటే ఏ తలుపు మేలు?

ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే ట్యాగులతో డేటా రాసే పద్ధతి. అందులో ఒక్కో భాగం ఎలిమెంట్, దాని ట్యాగులో రాసే పేరు-విలువ జత ఆట్రిబ్యూట్. ఫైలులో ఏవేవి ఉండవచ్చో చెప్పే నియమావళే స్కీమా. దాన్ని రాసిన రోజున అన్నీ మన అదుపులోనే ఉన్నట్టు ఉంటుంది. ఆరు నెలలు తిరగ్గానే అవతలివాళ్ళ నుంచి మెయిల్ వస్తుంది: మీ ఇన్వాయిస్‌లో మా గోదాము నంబరు కూడా వేసుకుంటాం, ఒక్క ఆట్రిబ్యూట్‌కు చోటివ్వండి అని. రేపు ఇంకొకరు అడుగుతారు. అడిగినప్పుడల్లా కొత్త వెర్షన్ విడుదల చేసి అందరి చేతా మార్పించడం అయ్యే పని కాదు. అందుకే ముందే కొంత ఖాళీ వదలాలి. ఎంత వదలాలన్న దగ్గరే పేచీ.

2001లో వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమా 1.0లో ఇందుకు ఎనీఆట్రిబ్యూట్ ఉంది, అంటే మనం పేరు పెట్టి చెప్పని ఆట్రిబ్యూట్లకూ చోటిచ్చే గుర్తు. దాన్ని ఎన్ని రకాలుగా రాయగలిగినా, అసలు పోటీ రెండింటి మధ్యే. మొదటిది ‘ఎనీ, స్కిప్’: ఏ నేమ్‌స్పేస్‌దైనా (పేరు ఎవరి పదజాలానిదో చెప్పే ఇంటిపేరు లాంటిది), అసలు అది లేనిదైనా రానీ, విలువను తనిఖీ చేయకు. రెండోది ‘అదర్, లాక్స్’: పరాయి నేమ్‌స్పేస్ ఉన్నవే రావాలి, ఆ ఆట్రిబ్యూట్‌ను నిర్వచించే డిక్లరేషన్ దొరికితే దాని ప్రకారం చూడు, దొరక్కపోతే వదిలేయ్.

మొదటిదానితో ఎవరికీ గొడవ ఉండదు. దాని జబ్బే అది. ఇన్వాయిస్‌లో కరెన్సీ తప్పనిసరి కాదు, ఇవ్వకపోతే డిఫాల్టుగా ఐఎన్ఆర్ అనుకుందాం. పంపినవారు ఆ ఆట్రిబ్యూట్ పేరులో రెండు ‘ఆర్’లకు బదులు ఒక్కటే కొట్టి, విలువ యూఎస్‌డీ అని రాశారు. ఫైలును స్కీమాతో సరిచూసే వాలిడేటర్ దాన్నెవరో కొత్త చుట్టమనుకుని లోపలికి రానిచ్చింది. అసలు కరెన్సీ కనబడలేదు కనుక ఐఎన్ఆర్ నింపేసింది. 500 డాలర్ల బిల్లు 500 రూపాయలైంది, ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు.

రెండో పద్ధతిలో ఆ తప్పు గుమ్మంలోనే దొరికిపోతుంది. ప్రిఫిక్స్ (నేమ్‌స్పేస్‌ను సూచిస్తూ పేరు ముందు పెట్టే పొట్టి గుర్తు) లేని ఆట్రిబ్యూట్‌కు నేమ్‌స్పేసే ఉండదు, ‘అదర్’ అలాంటిదాన్ని ఒప్పుకోదు. గోదామువాళ్ళు తమ ప్రిఫిక్స్‌తో పంపితే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను వేరే రూపంలోకి మార్చే భాష, 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 కూడా తన ఎలిమెంట్ల మీద పరాయి నేమ్‌స్పేస్ ఆట్రిబ్యూట్లను ఇలాగే అనుమతించింది. పైగా వాటివల్ల తన ఎలిమెంట్ల నడవడి మారకూడదని షరతు పెట్టింది. నాకు ఆ షరతు అన్నిటికంటే నచ్చుతుంది.

లాక్స్ అని రాయడం మరిచిపోతే స్ట్రిక్ట్ వర్తిస్తుంది. డిక్లరేషన్ దొరకని ప్రతి ఆట్రిబ్యూటూ అప్పుడు తిరస్కారమే. తలుపు తీశామనుకుంటాం, గొళ్ళెం వేసే ఉంటుంది.

చేర్చదలచినది ఒక్క విలువ కాక, లోపల విభాగాలున్న చిరునామాలాంటిదైతే ఎలిమెంటే కావాలి. కానీ ఎలిమెంట్లకు వరుస ఉంటుంది. ఉండవచ్చు లేకపోవచ్చు అన్న ఎలిమెంట్ వెనకాలే, ఏ నేమ్‌స్పేస్ ఎలిమెంటునైనా రానిచ్చే ‘ఎనీ’ గుర్తు పెడితే, వచ్చినది దేనికి చెందుతుందో తేలదని 1.0లో స్కీమానే చెల్లదంటారు. ఆట్రిబ్యూట్లకు వరుస లేదు కనుక ఈ తలనొప్పి లేదు.

స్కీమా తలుపు తీసినంత మాత్రాన కోడ్ తీయదు. జావాలో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను ఆబ్జెక్టులుగా మార్చే జాక్స్‌బీ ఈ అదనపు ఆట్రిబ్యూట్లను ఒక మ్యాప్‌లో (పేరు-విలువల పట్టికలో) వేస్తుంది. ఒక ఆబ్జెక్టు నుంచి మరోదానికి కాపీ చేసే చోట ఆ మ్యాప్‌ను ఎవరూ గుర్తుంచుకోరు, గోదాము నంబరు దారిలోనే రాలిపోతుంది. అందుకే ప్రిఫిక్స్ ఉన్న ఆట్రిబ్యూట్‌తో ఒక ఫైలును ఈ చివర ఎక్కించి, ఆ చివర అది ఇంకా ఉందో లేదో చూశాకే నేను స్కీమాను బయటికి పంపుతాను.