పాత ఔట్‌బోర్డు మోటారు: కార్బురేటర్ శుభ్రం చేయాలా, కొత్తది వేయాలా?

ఔట్‌బోర్డు అంటే పడవ వెనక బిగించే మోటారు. 1960ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల మోటారు స్టార్టయినా, థ్రాటిల్ (వేగం పెంచే పిడి) తిప్పగానే ఆగిపోతుంటే అనుమానం పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ మీదికే పోతుంది. ముందు స్పార్కు, కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడండి. అవి బాగుంటేనే ఈ ప్రశ్న.

ఖర్చు: శుభ్రం చేయడానికి గాస్కెట్లు, పెట్రోలు మట్టాన్ని బట్టి తేలే ఫ్లోటు, దాంతో పెట్రోలు దారి మూసే నీడిల్ ఉన్న కిట్టు చాలు. కొత్తదానికి అంతకు ఎన్నో రెట్లు.

శ్రమ: కొత్తది బిగించడం తేలిక. పాతది విప్పితే పెట్రోలు నిలిచే గిన్నె అడుగున గోధుమరంగు జిగురు, పెట్రోలును కొలతగా వదిలే జెట్టు రంధ్రంలో అదే గట్టిపడి కనిపిస్తుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలితో ఊదాలి. తీగతో గీకితే రంధ్రం పెద్దదవుతుంది, ఇక సరికాదు. కార్కు ఫ్లోటు పెట్రోలు పీల్చి బరువెక్కితే మార్చాల్సిందే.

ప్రమాదం: అన్నిటికన్నా ముఖ్యం ఇదే. టూ-స్ట్రోక్ ఇంజనుకు నూనె పెట్రోలుతో కలిసే అందుతుంది. జెట్టు కొలత కుదరని నకలు కార్బురేటర్ వేస్తే మిశ్రమం పలచబడి, అంటే పెట్రోలు, దాంతోపాటు నూనె తగ్గి, పిస్టన్ పట్టేయవచ్చు. చవక చూసి మోసపోవద్దు.

బాడీ పగలకుండా, థ్రాటిల్ షాఫ్టు (థ్రాటిల్‌తో తిరిగే కడ్డీ) వదులు కాకుండా ఉంటే శుభ్రం చేయడమే మేలు. ఉప్పునీరు అల్యూమినియాన్ని తినేసి ఉంటే మాత్రం మోడల్ నంబరుకు సరిపోయేది వెతికి వేయండి. పెట్రోలు పంపులోని డయాఫ్రం (పలచని పొర) కూడా అప్పుడే మార్చండి.