"1–5 తరగతుల ఆటల కిట్" కొనేవాళ్లు కొంచెం ఆగండప్పా

అనంతపురంలో ప్రైమరీ స్కూళ్లకు ఆట సామాన్లు పంపేది ఎవరో అందరికీ తెలిసిందే, పేరెందుకులే. మా స్కూలుకు కిట్ కోసం 14,500 రూపాయలు కట్టినాం, మొత్తం అడ్వాన్సు. శనివారం మూట దిగింది. 7వ నంబరు బాస్కెట్‌బాల్స్, 5వ నంబరు ఫుట్‌బాల్స్, లెదర్ క్రికెట్ బాల్స్, తొమ్మిదడుగుల వైరు స్కిప్పింగ్ తాళ్లు, 4 కేజీల ఇనుప గుండు. ఔను, గుండే! ఒకటో తరగతి పిల్లోళ్లకు. ఇప్పుడది ఆఫీసు రూము తలుపుకు అడ్డం పెట్టినాం.

ఫోన్ చేసి "ఇవన్నీ పెద్దోళ్ల సైజులు గదా" అంటే ఆ మనిషి నవ్వినాడు. "పిల్లోళ్లు ఎదుగుతారు గద సార్, దాచిపెట్టుకోండి" అన్నాడు. సైజు పెద్దదైతే దూది కుక్కి తొడిగేదానికి ఇవేమన్నా చెప్పులా? వాపసు అడిగితే "మూట విప్పినారు, తీసుకోము" అంట. విప్పకుండా లోపల చూసే విద్య మాకు రాదు సామీ.

ఆరేళ్ల పిల్లోడు బంతిని వేళ్లతో పట్టడు, రెండు చేతులతో ఎదకు హత్తుకుంటాడు. వేగంగా వచ్చేదాన్ని వాని కన్ను ఇంకా సరిగా అంచనా వెయ్యలేదు. 160 గ్రాముల లెదర్ బాల్ ఒక్కసారి మొహానికి తగిలిందంటే, తర్వాత ఏ బంతి వచ్చినా కళ్లు మూసి తల తిప్పేస్తాడు. ఆ భయం పోగొట్టడం క్యాచ్ నేర్పడం కంటే కష్టం. ఆ వయసుకు కావాల్సింది పెద్ద స్పాంజి బంతి, చింతగింజలు నింపిన గుడ్డసంచి. మొదట దొర్లించి పట్టడం, తర్వాత నేలకు కొట్టి పట్టడం, ఆఖరికి గాల్లో.

బాస్కెట్‌బాల్ చిన్న తరగతులకు 3వ నంబరు సైజు, నాలుగు, అయిదు తరగతులకు 5వ నంబరు. రింగు 10 అడుగుల్లో ఉంటే నడుం వెనక్కి విరిచి విసరడమే అలవాటవుతుంది. మినీ బాస్కెట్‌బాల్ రింగు 2.6 మీటర్లే. ఫుట్‌బాల్ ఎనిమిదేళ్ల లోపు 3, ఆపైన పన్నెండు దాకా 4. స్కిప్పింగ్ తాడు నడిమిన తొక్కి నిలబడితే పిడులు చంకల దాకా రావాల, అంతే. వైరు తాడు మరీ వేగంగా తిరుగుతుంది, చిన్నోళ్లకు ఎగిరే సమయం దొరకదు. పూసల తాడు నయం. అదీ ముందు నేలమీద పరిచి దాటించి, తర్వాతే తిప్పించాల.

ఇంత తెలిసీ కొటేషన్‌లో "కిట్ – 1" అన్న ఒక్క లైను చూసి డబ్బు పంపితిమి, మా తెలివి తెల్లారినట్టే ఉంది.

ప్రతి వస్తువుకూ నంబరు, బరువు, పొడవు రాయించుకోండి. సగం డబ్బు మూట విప్పినాకే ఇవ్వండి, విప్పేటప్పుడు వీడియో తీయండి. మేము వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినాం. ఇదే కిట్‌తో ఇరుక్కున్నోళ్లు బిల్లు దగ్గర పెట్టుకొని మీరూ చెయ్యండి.