అద్దానికి గాడి తీసే యంత్రంతో నాలుగున్నరేళ్లు

2021 ఫిబ్రవరిలో భీమవరంలోని మా అద్దాల దుకాణంలో ఈ యంత్రాన్ని దించుకున్నాం. చైనా తయారీ. ఎనిమిదడుగుల బల్ల, దాని మీద అటూ ఇటూ జరిగే దూలం, దూలానికి ఒకే ఒక స్పిండిల్ (చక్రాన్ని తిప్పే ఇరుసు), దానికి వజ్రపు పొడి అతికించిన చక్రం. బీరువా అద్దాల మీద, పూజగది తలుపుల మీద, హాలుకూ భోజనాల గదికీ మధ్య పెట్టే అడ్డు అద్దాల మీద వి ఆకారంలో గాడి తీసి మెరుగుపెట్టడం దీని పని. గీసిన బొమ్మను కంప్యూటర్‌లో ఎక్కిస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందని చెప్పి అమ్మారు.

మొదటి నెలలోనే ఆరు తలుపుల బీరువా ఒకటి చేశాం. అంతా గడుల నమూనా. పలకలన్నిటినీ గోడకు ఆనించి వరసగా నిలబెడితే, ఇంటావిడ కొలబద్ద ఏదీ లేకుండానే నాలుగో తలుపు దగ్గర ఆగి, "దీని గీతలు లావుగా ఉన్నాయేమండీ?" అన్నారు.

నిజానికి యంత్రం చెప్పిన లోతుకే దిగింది. కాకపోతే ఆ లోతును బల్ల నుంచి లెక్కపెట్టింది, అద్దం పైముఖం నుంచి కాదు. 5 మి.మీ. అని మనం కొనే అద్దం 4.8 నుంచి 5.2 దాకా ఎంతైనా ఉండవచ్చు. తయారీ ప్రమాణాలే అంత తేడాను ఒప్పుకుంటాయి. మా చక్రం అంచు కోణం 120 డిగ్రీలు. ఆ కోణానికి గాడి వెడల్పు లోతుకు దాదాపు మూడున్నర రెట్లు అవుతుంది. ఒకటిన్నర మి.మీ. లోతు పెడితే 5.2 మి.మీ. వెడల్పు రావాలి. పలక 0.2 మందం ఎక్కువగా ఉంటే అది 5.9 అవుతుంది, తక్కువగా ఉంటే 4.5కు పడిపోతుంది. లోతులో తేడా ఎవరి కంటికీ ఆనదు. వెడల్పులో తేడాను దారిన పోయేవారు కూడా పట్టేస్తారు. పైగా మా పనిలో సగానికి పైగా వెనక పూత ఉన్న నిలువుటద్దాలే. ముందు గాడి, వెనక పూతలో దాని ప్రతిబింబం. తప్పు జరిగితే అదీ రెండుగా కనిపిస్తుంది.

ఏడాది పాటు ప్రతి పలకనూ నాలుగు మూలలా మైక్రోమీటరుతో కొలిచి, మందాన్ని బట్టి వేరుచేసి పేర్చి, ఒక్కో కట్టకు లోతు మార్చుకుంటూ నెట్టుకొచ్చాం. ఆ తరువాత అద్దం పైముఖాన్ని తాకి చూసి లోతును సరిచేసే ప్రోబ్‌ను విడిగా కొని బిగించాం. పని అప్పుడు గాడిలో పడింది. ఇది మొదటి రోజు నుంచే ఉండవలసిన భాగం. కొనేముందు మాకు చూపించినప్పుడు ఒకే పలక మీద కోసి చూపించారు. ఒకే పలక మీదయితే ఏ యంత్రమైనా బ్రహ్మాండంగానే కోస్తుంది.

ఇక మెరుగు. వజ్రపు చక్రం అద్దాన్ని కోయదు, అరగదీస్తుంది. అందుకని దాని కింద నుంచి వచ్చిన గాడి పాల మీగడలా తెల్లగా ఉంటుంది. దాని మీద సన్నరకం చక్రం, చివరికి సీరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడి కలిపిన నీళ్లతో మెత్తటి పాలిష్ చక్రం నడిస్తే గానీ నిగనిగలాడదు. మాది ఒకే స్పిండిల్ కనుక చక్రం మార్చిన ప్రతిసారీ ఎత్తు మళ్లీ సరిచూసుకోవాలి. పది నిమిషాల్లో కోసిన గాడికి పాలిష్ నలభై నిమిషాలు తింటుంది. పాలిష్ చక్రం తొందరగా అరుగుతుంది, అంచు మొద్దుబారుతుంది; అప్పుడది గాడి అడుగు దాకా చేరక అక్కడ వెంట్రుకంత తెల్లగీత మిగిలిపోతుంది. ట్యూబ్‌లైటు వెలుగులో అది కనిపించదు. ఎండలో పెడితే బయటపడుతుంది. మా కుర్రవాళ్లు ఇప్పుడు ప్రతి పలకనూ వాకిట్లోకి తెచ్చి చూశాకే కాగితం చుడుతున్నారు.

మా బాబాయి ఈ పనిని చేత్తో చేసినవాడు. తిరిగే రాతి చక్రానికి అద్దాన్ని ఆనించి, మణికట్టు తిప్పుతూ ఆకులు, రెక్కలు తీసేవాడు. యంత్రం తీసిన తీగను చాలాసేపు చూసి, "ఇవి ఒకే చెట్టు ఆకులు కావురా, ఒకే అచ్చు ఆకులు" అన్నాడు. ఉడుకుమోత్తనం అనుకున్నాను గానీ మాట నిజమే. 150 మి.మీ. చక్రం ఒకటిన్నర మి.మీ. లోతుకు దిగితే గాడికి రెండు వైపులా సుమారు 15 మి.మీ. తోక వస్తుంది. బాబాయి అద్దాన్ని వాల్చి ఆ తోకనే ఆకు కొనగా మలిచేవాడు. మా యంత్రానికి వాల్చడం రాదు. మూలల దగ్గరా అదే ఇబ్బంది. గీతను నిండు లోతుతో మూల దాకా తెస్తే తోక బయటికి పొడుచుకొస్తుంది; తోకను మూల దగ్గర ఆపితే రెండు గీతలూ కలవకముందే సన్నబడిపోతాయి. అందుకే మా నమూనాల్లో గీతలు ఒకదాన్నొకటి దాటి పోతాయి. చూసేవారు అది అందం కోసమే అనుకుంటారు. శంఖుచక్రాలు, నామాలు అడిగితే మాత్రం ఈ యంత్రానికి ఇవ్వం, గాలి వేగంతో ఇసుక కొట్టించి ఇస్తాం.

భీమవరం బోరు నీళ్ల సంగతి తెలిసినవారికి ఈ ముక్క చెప్పనక్కర్లేదు. మొదటి వేసవికే నీటి గొట్టాల నోళ్లు ఉప్పు పేరుకుని పూడిపోయాయి. చక్రం మీద నీటిధార ఒకవైపే పడి, గాడి అంచున పెచ్చులు లేచాయి. ఇప్పుడు కొన్న మంచినీళ్లే తిప్పి తిప్పి వాడుతున్నాం. తొట్టె అడుగున చేరే గాజు బురదను వారానికోసారి తడిగా ఉన్నప్పుడే ఎత్తేయాలి. ఆరితే అది పిండి అవుతుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కరెంటు పోవడం మరో తలనొప్పి. పంపు వెంటనే ఆగుతుంది, చక్రం మాత్రం కాసేపు పొడిగా తిరుగుతూనే ఉంటుంది. ఆ వేడికి రెండు పెద్ద పలకలు చిట్లాయి. పంపునూ, చక్రాన్ని పైకి లేపే మోటారునూ ఇన్వర్టర్‌కు కలిపాక ఆ బాధ తప్పింది. మరమ్మతుకు మనిషి రావాలంటే వారం. బేరింగులు ఒకసారి మార్చాం. దూలాన్ని జరిపే సర్వో మోటార్లు ఇప్పటిదాకా మొరాయించలేదు, అందుకు మెచ్చుకోవాలి.

కొత్తవారికి ఒక్క జాగ్రత్త. గాడి ముందు, టఫెనింగ్ (అద్దాన్ని కాల్చి గట్టిపరచడం) తరువాత. 600 డిగ్రీలు దాటించి గాలితో ఒక్కసారిగా చల్లార్చిన అద్దంలో పైపొర నొక్కుకుని, లోపలి పొర లాగుకుని ఉంటాయి. ఆ బిగువు మీదికి చక్రం దిగితే పలకంతా ఒక్క క్షణంలో పలుకులైపోతుంది. మా దగ్గర ఒకసారి కట్టలు కలిసిపోయి అదే జరిగింది. బల్ల కింద నుంచి గాజు పలుకులు ఏరడానికి రోజంతా పట్టింది.

నిటారు గీతలు, గడులు, పెద్ద వంపులు రోజూ చేసేవారికి ఈ తరహా యంత్రం కొనమనే చెబుతాను. నెలకు నాలుగు తలుపులు చేసేవారికి వద్దు. మా వాయిదాలు వచ్చే ఫిబ్రవరితో తీరిపోతాయి, మూడు స్పిండిళ్లున్నది చూద్దామని తమ్ముడు అంటున్నాడు. ఈసారి చూడటానికి వెళ్లేటప్పుడు 4.8ది ఒకటి, 5.2ది ఒకటి పలకలు మేమే పట్టుకెళ్తాం.