నాన్న కాలి మిషను మీద 11 ఏళ్ళు కుట్టాక

నాన్న 34 ఏళ్ళు తొక్కిన నల్ల కాలి మిషను ఇది. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది, 11 ఏళ్ళుగా దాదాపు రోజూ దీని మీదే కుడుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ పాత మిషను ఉంది, ఉంచుకోవాలా అమ్మేయాలా అని ఆలోచించేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నాన్న ఊసెత్తకుండా దీని గురించి చెప్పడం నా వల్ల కాదు, అందుకని ఆయన గురించి కూడా ఉంటుంది.

నాన్న చిన్న ఊళ్ళో దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. పొద్దున మేం లేచేసరికే మిషను చప్పుడు, రాత్రి కళ్ళు మూతలు పడేటప్పుడూ అదే చప్పుడు. బళ్ళు తెరిచే రోజుల్లో యూనిఫాంలు గుట్టగా వచ్చి పడేవి, అప్పుడు రెండు మూడు వారాలు ఆయన రోజుకి నాలుగు గంటలు పడుకుంటే ఎక్కువ. ముగ్గురు పిల్లల చదువులు, నానమ్మ మందులు, ఇంటి అప్పు, అన్నీ ఈ ఒక్క సూది కింద నుంచే వెళ్ళాయి. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు, ఆయన చెప్పలేదు కూడా.

ఇక మిషను. మొట్టమొదట చెప్పాల్సింది దీని కుట్టు. పై దారం, కింద బాబిన్ అనే చిన్న చుట్టలోంచి వచ్చే దారం రెండూ గుడ్డ పొరల మధ్యలో ముడిపడి కనిపించకుండా పోవాలి, ఈ పద్ధతి కొత్తదేం కాదు, ఎలియాస్ హోవే 1846లో పేటెంట్ తీసుకున్న మిషనుదీ రెండు దారాల కుట్టే. ముడి గుడ్డ కింది వైపు తేలితే పై దారం వదులుగా ఉన్నట్టు, పై వైపు తేలితే బిగుతుగా ఉన్నట్టు. నాన్న ఏ గుడ్డ తీసుకున్నా ముందు అదే గుడ్డ ముక్క మీద ఒక జానెడు కుట్టి, రెండు వైపులా వేలి గోరుతో నిమిరి, అప్పుడు దారం బిగుతు సరిచేసే టెన్షన్ స్క్రూ తిప్పేవారు. ఎంత హడావిడిలో ఉన్నా ఆ జానెడు కుట్టు మానలేదు. నేను మొదటి ఏడాది అది దండగ పనేమో అనుకుని మానేసి, మెత్తటి పల్చటి గుడ్డ ఒకటి ముడతలు పడేలా కుట్టి, మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. ఇప్పుడు నేనూ జానెడు కుడతాను.

బాబిన్ పెట్టే కేసు సంగతి కూడా ఆయన దగ్గర చూసిందే. దారం కొస పట్టుకుని కేసుని గాల్లో వేలాడదీయాలి, ఊరికే జారిపోకూడదు, చెయ్యి చిన్నగా విదిలిస్తే కాస్త కిందికి దిగి ఆగాలి. అంతే పరీక్ష. చాలామంది కింది దారం ముడులు పడుతోందని బాబిన్ స్క్రూ తిప్పి తిప్పి పాడు చేస్తారు. అసలు తప్పు చాలాసార్లు పై దారం ఎక్కించడంలో ఉంటుంది, గుడ్డని నొక్కి పట్టే ఇనుప పాదం కిందికి దించి ఉండగా దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్ళల మధ్యకి సరిగ్గా పోదు. పాదం ఎత్తి, దారం మొత్తం తీసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి, సగం రోగాలు అక్కడే పోతాయి. కుట్టు మధ్యమధ్యలో వదిలేస్తుంటే సూది మార్చండి, మార్చేటప్పుడు చదును వైపు ఎటు ఉండాలో చూసి పెట్టండి. మామూలు గుడ్డకి 14 నంబరు, మందం గుడ్డకి 16, మరీ మందమైతే 18. 14 అంటే 0.9 మిల్లీమీటర్లు, 16 అంటే ఒక మిల్లీమీటరు, తేడా చూడటానికి అంతే గానీ గుడ్డకి అది చాలా తేడా.

చివరి ఏళ్ళలో నాన్నకి చూపు తగ్గింది. కళ్ళజోడు మార్చినా సూది కన్ను కనపడేది కాదు, అప్పుడు ఆయన సూది వెనక తెల్ల కాగితం ముక్క అడ్డం పెట్టి, దారం కొసని ఏటవాలుగా కత్తిరించి ఎక్కించేవారు. దారం రంగు మార్చాలంటే పాత దారాన్ని రీలు దగ్గర కత్తిరించి కొత్త దారం దానికి ముడివేసి, పాదం ఎత్తి సూది వైపు నుంచి మెల్లగా లాగేవారు, ముడి సూది దాకా వచ్చాక కత్తిరించి అక్కడొక్కచోటే ఎక్కించుకోవడం. ఎవరైనా ఎక్కించి పెడతామంటే ఒప్పుకునేవారు కాదు. నాకు 40 దాటాక ఆ కాగితం ముక్క ఎందుకో తెలిసింది. సొరుగులో ఇప్పటికీ ఆయన పెట్టిన ముక్కే ఉంది, అంచులు నూనెతో పసుపు రంగుకి మారాయి, దాన్నే వాడుతున్నాను.

నూనె గురించి గట్టిగా చెప్తాను. కుట్టు మిషను నూనె తప్ప ఇంకేదీ పోయకండి. వంటనూనె పోస్తే కొన్నాళ్ళకి బంకలా గట్టిపడి మిషను బిగుసుకుపోతుంది. పై చిల్లులన్నిట్లో ఒక్కో చుక్క, బాబిన్ కేసు కూర్చునే షటిల్ దగ్గర పీచు దులిపి ఒక చుక్క, తర్వాత పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టి మిగిలిన నూనె దిగిపోనివ్వాలి, లేకపోతే మరకలు. నాన్న వారానికి ఒక రాత్రి పని అంతా అయ్యాక, ఎంత నిద్ర వస్తున్నా, పాత టూత్ బ్రష్షు తీసుకుని కూర్చునేవారు. అందుకే ఇన్నేళ్ళలో లోపలి భాగం ఒక్కటీ మార్చాల్సి రాలేదు. మార్చింది తోలు బెల్టు రెండుసార్లు, సూదులు లెక్కలేనన్ని. బెల్టు సాగి జారుతుంటే వెంటనే కొత్తది కొనక్కర్లేదు, కొంచెం కత్తిరించి తీగ క్లిప్పు మళ్ళీ బిగిస్తే చాలాకాలం వస్తుంది.

మధ్యలో నేను కరెంటు మిషను ఒకటి కొన్నాను, కంపెనీ పేరు అనవసరం. జిగ్‌జాగ్, కాజాలు, అంచు కుట్లు, అన్నీ బాగానే చేసింది. నాలుగో ఏడు లోపల ప్లాస్టిక్ పళ్ళ చక్రం విరిగింది, విడి భాగం దొరకలేదు. ఆ అవసరాలకి మాత్రం కొత్త మిషనే మేలు అని ఒప్పుకుంటాను, ఇది నేరు కుట్టు తప్ప వేరే కుట్టదు, సాగే గుడ్డలు దీని మీద కుడితే దారం తెగుతుంది. బరువు కూడా చెప్పాలి, తల ఒక్కటే ఎత్తాలన్నా నడుం పట్టేస్తుంది, ఇల్లు మారేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కాలి మిషను జోలికి పోకండి, లేదా పక్కన చిన్న మోటారు పెట్టించుకోండి. నాన్నకి కుడి మోకాలు వాచి ఉన్న రోజుల్లో అన్నయ్య మోటారు పెట్టిస్తానంటే వద్దన్నారు, కాలితో తొక్కితే మూల దగ్గర ఒక్కో కుట్టు లెక్కపెట్టి ఆపగలను అని. వాచిన కాలితో ఆయన అలా తొక్కి ఉండకూడదని ఇప్పటికీ నాకు బాధ. మేమే పట్టుబట్టి పెట్టించాల్సింది.

ఆయన పనితనం నాకు బాగా అర్థమైంది కొలతల పుస్తకాలు చూశాక. ఛాతీ, నడుం, చెయ్యి, ఆ అంకెల పక్కన చిన్న అక్షరాల్లో 'ఎడమ భుజం దిగువ', 'వంగి నడుస్తారు, వీపు పొడవు వదలాలి', 'మెడ దగ్గర బిగుతు పడదు' అని రాసుకున్నారు. పిల్లల పేర్ల దగ్గరయితే 'లోపల రెండు అంగుళాలు వదిలాను' అని. వచ్చే ఏడు కుట్టు విప్పితే అదే చొక్కా సరిపోవాలని. వదులు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళ దగ్గర ఆయన డబ్బు తీసుకోగా నేను చూడలేదు. మాకు మాత్రం కొత్త గుడ్డలతో కుట్టిన ఆ మనిషి తనకి మిగిలిన ముక్కలు అతికి కుట్టుకునేవారు, చొక్కా వీపు ఒక రంగు, ముందు ఒక రంగు, పైన ఇంకో చొక్కా తొడుక్కుంటే ఎవరికీ కనపడదని.

పెడల్ మీద ఆయన పాదం ఆనే చోట రంగు పూర్తిగా పోయి ఇనుము నున్నగా మెరుస్తుంది. నా పాదం చిన్నది, ఆ మెరుపులో ఇంకా ముందు భాగం దాకే వస్తుంది.

అమ్మాలా ఉంచాలా అన్నదానికి నా సమాధానం, చేతి చక్రం చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా పట్టేయకుండా తిరిగితే ఉంచుకోండి. బిగుసుకుని ఉంటే నూనె వేసి ఒక రోజు వదిలేసి మళ్ళీ చూడండి, అప్పుడే పాత ఇనుముకి ఇచ్చేయకండి.

ఈ సెలవుల్లో అన్నయ్య కూతురు నేర్చుకుంటానని కూర్చుంది. నాన్న నాకు నేర్పినట్టే దారం లేకుండా, గీతల కాగితం పెట్టి, గీత మీదే చిల్లులు పడాలి అని చెప్పాను. చక్రం మాటిమాటికీ వెనక్కి తిరుగుతోంది, కాలు ఇంకా కుదరలేదు. చక్రం మీద చెయ్యి వేసి నీ వైపుకి తిప్పుకో, తర్వాత కాలు కదుపు అన్నాను. నిన్నటికి మూడు గీతలు తిన్నగా వచ్చాయి. నాలుగోది సగం దాకా వచ్చి పక్కకి పోతే, 'అత్తా, ఇంకో కాగితం' అంది.